సీమ యాస సరిగ్గా రాలేదన్నారు

అయినా ఊరికే తమాషాకి చేశాం అంటే అయిపోతుందా? అందరిదీ అదే మాట. సరదాగా తీసుకోవే, పాత జ్ఞాపకాలు కదా, నువ్వెందుకు ప్రతిదానికీ మండిపడతావు అని. దాని కింద కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వే పసుపు బొమ్మలు వరసగా. నేను ఒకటే అడిగాను, ఆ రోజు తెర వెనక కాగితాలు పట్టుకుని నిలబడిన పిల్లకి కూడా ఇది తమాషానేనా అని. అందరూ చదివారు. కాసేపటికి ఒకడు ఎవరిదో పుట్టినరోజు కేకు ఫోటో పెట్టాడు. వాళ్లకి అక్కడితో సంగతి అయిపోయింది.

నాకు అవ్వలేదు.

జరిగింది ఏంటంటే, మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో మా స్కూల్ వార్షికోత్సవంలో వేసిన నాటిక వీడియో పెట్టారు. కర్నూల్లో మాది ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం హైస్కూలు. నేనిప్పుడు కడపలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్ మెస్సులో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి ఆ వీడియో చూశాను. కాటుకతో గీసుకున్న మీసం, తెల్ల పంచె, చేతిలో అట్టముక్క కత్తి, గొంతు చించుకుని అరిచే విలన్. వాడు నోరు తెరిచిన ప్రతిసారీ జనం గోల. నా ప్లేటులో అన్నం పడింది, నేను వీడియో వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

తెర వెనక పిల్ల అన్నాను కదా. తొమ్మిదో తరగతిలో వచ్చి చేరింది. వాళ్లది ఎమ్మిగనూరు వైపు మగ్గాల ఊరు. నాన్న, అమ్మ, అవ్వ ముగ్గురికీ మగ్గం పనే. కర్నూల్లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. నా పక్కన ఖాళీగా ఉందని అక్కడ కూర్చోబెట్టారు. నేను పుట్టి పెరిగింది కర్నూలు టౌన్లో, అపార్టుమెంటు మూడో అంతస్తులో. మగ్గం అనేది ఫోన్లో తప్ప చూడలేదు. ఆ పిల్ల మధ్యాహ్నం డబ్బా తింటూ చెప్తుంటే చూసినట్టే ఉండేది. వాన గట్టిగా పడితే మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి నీళ్లు ఊరతాయట. వాళ్ల నాన్న ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, పక్కింటి ఆయనతో మా ఇంట్లో ఏరు పారుతోంది, చేపలు పట్టుకుంటావా అని పిలిచేవాడట. నూలు బుట్టలో పడుకున్న పిల్లిని వాళ్ల అవ్వ తిట్టే తిట్లు చెప్పిందంటే మాకు పొట్ట పట్టుకోవడమే. పిల్లి వైపు కూడా తనే జవాబు చెప్పేది.

"ఏమే, నీ అత్తగారిల్లు అనుకుంటివా ఇది? ఈడ మెత్తగా ఉండాదని పండుకుంటాండావా? లెయ్."

స్కూలుకి ఫోన్ తేకూడదు. నేను తెచ్చేదాన్ని. ఆ పిల్లి కథని డెస్కు కింద నుంచి రికార్డు చేశాను, ఇప్పటికీ ఉంది. అందులో మా ముందు బెంచీ వాళ్ల నవ్వు కూడా వినిపిస్తుంది. మంచి నవ్వు. మొదట్లో వాళ్లు అలాగే నవ్వారు, వెనక్కి తిరిగి, డబ్బా మూతలు చేత్తో పట్టుకుని. అది మాత్రం అబద్ధం కాదు.

తర్వాత నవ్వు మారింది. మా స్కూల్లో పొద్దున ప్రార్థన అయ్యాక ఒకరు తెలుగు వార్తలు చదవాలి. పేపర్లో ఉన్నది చదివేసి, చివర్లో ఆ రోజు ఎండ ఎలా ఉందో, వాన ఉందో లేదో సొంతంగా ఒక మాట చెప్పాలి. అది మా స్కూల్ పద్ధతి. ఆ పిల్ల వంతు వచ్చిన రోజు వార్తలు గడగడా చదివింది. గొంతు స్పష్టంగా గేటు దాకా వినిపించింది. చివర్లో పేపరు మడిచి, తల ఎత్తి, ఈరోజు శానా ఎండగా ఉండాది, అందరూ నీళ్లు తాగండి అంది. గ్రౌండు మొత్తం పేలింది. టీచర్లు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ రోజు నిజంగానే శానా ఎండగా ఉండాది, అదొక్కటి మాత్రం ఎవరికీ పట్టలేదు.

అప్పటి నుంచి ఆ పిల్ల పేరు ఉండాది. ఏయ్ ఉండాది, పెన్ను ఉండాదా? లెక్కల సార్ ఉండాదా? ఇలా రోజూ. అందరికంటే ఎక్కువ ఎగిరినవాడు మా క్లాసులో ఒక పొడుగు పిల్లోడు. తర్వాత విలన్ వేషం వేసింది వాడే. వాడిది ఎక్కడో పెద్ద నగరం అనుకునేరు. ఓర్వకల్లు పక్కన ఊరు. రోజూ బస్సులో వచ్చేవాడు. ఒకరోజు వాళ్లమ్మ ఏదో పని మీద కర్నూలు వచ్చి, స్కూల్ గేటు దగ్గర నిలబడి, అన్నం డబ్బా యాడ పెట్టినావురా అని పిలిచింది. వాడి మొహం చూడాలి. ఆమెని గోడ వారకి లాక్కుపోయి, మాట్లాడొద్దు అన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఆమె బస్సు ఎక్కాక వెనక్కి వచ్చి మాతో, మా పనామె అన్నాడు. కన్నతల్లిని.

మళ్లీ వీళ్లకి యాసలంటే పడదా అంటే అదీ కాదు. టౌన్లో మేమందరం అరే భాయ్, క్యా బా అని ఉర్దూ కలుపుకుంటూనే తిరుగుతాం. అది స్టైలు. ఏమప్పా అంటే మాత్రం పల్లెటూరు. హైదరాబాద్ మాట తెచ్చుకుంటే వాడు హీరో. సినిమాలో చూసి గోదావరి వాళ్లలా ఆయ్ అంటే కామెడీ బాగా చేస్తున్నాడని చప్పట్లు. సొంత ఇంట్లో వంటగదిలో వినిపించే మాట నోటికొస్తే మాత్రం సిగ్గు.

మా తెలుగు సార్ సంగతి ఇంకా కంపరం. ఆయనది కడప జిల్లా, కమలాపురం దగ్గర పల్లె. ఇంటర్వెల్లో స్కూటర్ స్టాండు దగ్గర నిలబడి వాళ్ల అన్నతో ఫోన్లో మాట్లాడటం నా చెవులతో విన్నాను, బోరు నీళ్లు వస్తాండాయా ల్యాదా అని అడుగుతున్నాడు. ఫోన్ జేబులో వేసుకుని, క్లాసులోకి వచ్చి, అదే నోటితో ఆ పిల్లని నిలబెట్టి, వస్తాండాది అనకూడదు, వస్తోంది అనాలి, పదిసార్లు అను అన్నాడు. ఆ పిల్ల అంది. పదిసార్లూ అంది. క్లాసు లెక్కపెట్టింది.

అయినా వార్షికోత్సవానికి మైకులో మాట్లాడటానికి ఆయన ముందు ఎంచుకుంది ఆ పిల్లనే. గొంతు అలాంటిది మరి, ఎవరూ కాదనలేరు. స్టేజీ మీద కార్యక్రమాలు పరిచయం చేయడం, అతిథుల్ని పిలవడం, అన్నీ తనే చెయ్యాలి. ఆ సాయంత్రం గేటు బయట నా ఫోన్ తీసుకుని ఇంటికి చేసింది. స్పీకర్ పెట్టింది, వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"నాయ్నా, నేను మైకులో మాట్లాడతాండా. మొత్తం నేనే. నువ్వు రావాల."

మగ్గం ఆగింది. ఆయన, ఆ రోజు పని బంద్ పెడతాలేమ్మా, మీ అమ్మనీ తీస్కొస్తా అన్నాడు. ఆ పిల్ల చున్నీతో స్క్రీను తుడిచి, ఫోన్ నాకు ఇచ్చేసి, మళ్లీ తీసుకుని ఇంకోసారి చేసి, పక్కింటోళ్లకి కూడా చెప్పు అంది. తనకి కావాల్సింది అదొక్కటే. ఆ మైకులో తన గొంతు వాళ్ల నాన్న వినాలి.

రిహార్సల్ మొదలైంది. ఒక్క మాట జారలేదు. అన్నీ సార్ రాసిచ్చినట్టే, విచ్చేసిన పెద్దలకు స్వాగతం, అన్నీ. కానీ తను మాట చివర సాగదీసే తీరు ఒకటి ఉంటుంది కదా, అది పోలేదు. అది వినిపించగానే వెనక వరసలోంచి ఎవడో ఉండాది అనేవాడు, మిగతావాళ్లు కిసకిస. నేను లేచి వెళ్లి ఒకడి కాలర్ పట్టుకున్నాను. నన్ను హాల్లోంచి బయటికి పంపారు. బయట నిలబడి క్లాస్ గ్రూపులో నోటికొచ్చింది టైపు చేశాను, గ్రూపులోంచి కూడా తీసేశారు, మళ్లీ పరీక్షలయ్యాకే చేర్చారు. లోపల ప్రిన్సిపాల్ మేడం వచ్చి విని, బయట నుంచి గెస్టులు వస్తారు, మన స్టాండర్డ్ గురించి ఏమనుకుంటారు అందట. మైకు క్లాస్ లీడర్ పిల్లకి ఇచ్చారు. టీవీ యాంకర్ లాగా ప్రతి మాటకీ కనుబొమలు ఎగరేస్తుంది ఆ లీడరు. నా పక్కన పిల్లకి వేరే పని చెప్పారు. అక్కడికే వస్తున్నాను.

నాటిక సార్ రాసిందే. ఒక ఊరి ఫ్యాక్షన్ నాయకుడు ఆడపిల్లల్ని చదవనివ్వడు. కలెక్టరమ్మ వచ్చి బుద్ధి చెప్తుంది. కలెక్టరమ్మ చక్కటి పుస్తకం తెలుగు మాట్లాడుతుంది, డాక్టరు మాట్లాడతాడు, టీచరు మాట్లాడుతుంది. విలన్, వాడి మనుషులు, ఇంట్లో పనామె, వీళ్లు మాత్రం సీమ యాస. సీమలో ఉన్న స్కూల్లో, సీమలో పుట్టిన సార్ రాసిన నాటిక ఇది. మంచివాళ్లెవరికీ ఆ మాట రాదన్నమాట.

అంతా బాగానే ఉంది కానీ విలన్ పిల్లోడికి ఆ యాస రాలేదు. వాడి ఇంట్లో రోజూ వినేదే, అయినా నోరు తిరగలేదు. తిరగనిస్తే నిజంగానే వచ్చేస్తుందని భయమేమో. అప్పుడు సార్ ఆ పిల్లని పిలిచి, వీడికి నువ్వు నేర్పించు అన్నాడు. మైకు తీసేసిన మరుసటి రోజే. ఏ మాటకి నవ్వారో ఆ మాటే నేర్పించాలి. నేనైతే కాగితాలు చింపి మొహాన కొట్టేదాన్ని. ఆ పిల్ల సరే సార్ అంది.

విలన్, టీచరమ్మని బెదిరించే చోటు. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ పిల్ల ఒక అడుగు ముందుకేసి, గొంతు బాగా తగ్గించి అంది.

"ఏమ్మా, మా ఊరికొచ్చి మాకే సెప్తాండావా. సరేలేమ్మా. సెప్పు."

నాకు భయమేసింది. నిజం. అరుపు లేదు, కత్తి లేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు కూడా. రెండు క్షణాల తర్వాత ఆ పొడుగోడు, ఇదేంది, ఇట్లా మెత్తగా అంటే విలన్ ఎట్లయితాడు అన్నాడు. ఆ పిల్ల, మా నాయనకి కోపమొస్తే ఇట్లే అంటాడు, అమ్మా అప్పా అనే మాట్లాడతాడు, అది వింటేనే మాకు భయం అని చెప్పింది. వాడు సార్ వైపు తిరిగాడు. సార్ గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు.

"ఇది సీమ యాస లాగా లేదమ్మా. ఇంకా మోటుగా ఉండాలి. జనానికి తెలియాలి కదా."

ఏ జనానికి? ఆ రోజు వచ్చేది కల్లూరు, ఓర్వకల్లు, కోడుమూరు జనం. వాళ్ల మాట ఎలా ఉంటుందో వాళ్లకి తెలియడానికి ఇంకా మోటుగా కావాలట. చివరికి ఆ పొడుగోడు ఫోన్లో ఏవో ఫైటు సీన్లు చూసి, రేయ్ రేయ్ అంటూ తొడ కొట్టి అరవడం నేర్చుకున్నాడు. సార్ బాగుందన్నాడు. ఆ పిల్లకి డైలాగులు అందించే పని ఇచ్చారు, తెర వెనక నుంచి. మంచి తెలుగు రాదని మైకు తీసేశారు, సీమ యాస కూడా సరిగ్గా రాలేదని తేల్చేశారు. ఇంకేం మిగిలింది దానికి?

నేను ఆ సాయంత్రం స్కూటర్ స్టాండు దగ్గర సార్‌ని అడిగేశాను. మీరు ఇంట్లో ఎట్లా మాట్లాడతారో నేను విన్నాను సార్ అన్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. హెల్మెట్ చేతిలో తిప్పుకుంటూ, ఉద్యోగం కోసం మొదటిసారి కోస్తా వైపు ఇంటర్వ్యూకి వెళ్తే, నోరు తెరవగానే బల్ల అవతలి వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారని చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆయన మాట జారిపోయింది.

"నన్ను సూసి నవ్వినట్ల ఆ పాపను సూసి నవ్వకూడదనే చెప్తాండా. టౌన్ పిల్లవి, నీకేం తెలుసు."

నాకు జాలి వెయ్యాలేమో. వెయ్యలేదు. నవ్విన వాళ్లని ఏమీ అనలేక, నవ్వు పడిన పిల్లని పట్టుకుని పదిసార్లు అనిపించాడు. అదేం ప్రేమో నాకు అర్థం కాలేదు. మైకు పోయిన సంగతి వాళ్ల ఇంట్లో చెప్పవే అని ఆ పిల్లకి నా ఫోన్ ఇస్తే తీసుకోలేదు. చెప్తే రారు అంది.

వచ్చారు. నాన్న, అమ్మ, పక్కింటి మొగుడూ పెళ్లాలు. ఉతికిన తెల్ల చొక్కాలో ఆయన సన్నగా, నిటారుగా ఉన్నాడు. గ్రౌండులో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మూడో వరసలో కూర్చున్నారు. కూర్చునే ముందు ఆయన తెలుగు సార్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. సంచిలోంచి మడిచిన కొత్త కండువా తీశాడు. తనే నేసిందట, అంచు కూడా పెట్టాడు. మా పాపకు మైకు ఇచ్చినారంట, శానా సంతోషమప్పా అని సార్ చేతుల్లో పెట్టాడు. సార్ తీసుకున్నాడు. నిజం చెప్తాడని నేను పక్కనే నిలబడి చూశాను. చాలా సంతోషమండీ, కూర్చోండి అని చెప్పి స్టేజీ వెనక్కి వెళ్లిపోయాడు, కండువా చంకలో పెట్టుకుని.

ముఖ్య అతిథి నంద్యాల వైపు పెద్దమనిషి. మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. మా కాలంలో ఈ బెంచీలు యాడుండె, చెట్టు కింద సదువుకుంటిమి, ఇప్పుడు మీకన్నీ ఉండాయి అని. ఉండాయి. ఒక్క పిల్లోడు నవ్వలేదు. మేడం తల ఊపుతూనే ఉంది. దిగిపోయాక అందరూ ఎంత పెద్దాయన, ఎంత సింపుల్‌గా మాట్లాడాడు అనుకున్నారు. కారులో వచ్చినవాడు అంటే సింపుల్, బస్సులో వచ్చినవాడి కూతురు అంటే మోటు.

తర్వాత నాటిక. ఆ వీడియోలో ఉన్నదే. పొడుగోడు తొడ కొట్టాడు, మీసం మెలేశాడు, కాటుక బుగ్గకి అంటింది. జనం విరగబడి నవ్వారు. నేను స్టేజీ వైపు చూడలేదు, మూడో వరస వైపు చూశాను. మా అమ్మలాంటి వాళ్లు, తాతలు, ఆటో అన్నలు, అందరూ వాళ్ల మాటకి వాళ్లే నవ్వుతున్నారు. ఆ పిల్ల నాన్న నవ్వలేదు. స్టేజీ అంతా వెతుకుతున్నాడు. మైకు దగ్గర ఉన్న పిల్ల తన కూతురు కాదని తెలుస్తూనే ఉంది, అయినా ఎవరైనా వచ్చి మార్చుతారేమో అన్నట్టు చూస్తున్నాడు. పక్కింటాయన భుజం తట్టి ఏదో అడిగితే, వస్తాదిలే అన్నాడు. తర్వాత చుట్టూ అందరూ నవ్వుతున్నారని చూసి ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

అంతా అయిపోయి కుర్చీలు సర్దుతుంటే స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఆ పిల్ల కాగితాలు పట్టుకుని దిగుతోంది, పక్కన క్లాస్ లీడర్ పిల్ల, పొడుగోడు, ఇంకా సగం క్లాసు. నేనూ ఉన్నాను. ఆయన, నీది ఎప్పుడొస్తాదిమా అని అడిగాడు. పొడుగోడు మోచేత్తో ఇంకొకడిని పొడిచాడు. ఆ పిల్ల అది చూసింది. చూసి, వాళ్ల నాన్న మొహంలోకి చూడకుండా, మైకులో చెప్పాల్సిన ఆ గొంతుతో అంది.

"అయిపోయింది నాన్నగారూ. ఆలస్యమవుతోంది, మీరు బయలుదేరండి."

తెలుగు సార్ రాసిచ్చినట్టే ఉంది. ఒక్క తప్పు లేదు. అంతవరకూ ఎన్నిసార్లు నా ఫోన్లో మాట్లాడిందో, ఒక్కసారి కూడా నాయ్నా తప్ప ఇంకో మాట అనలేదు, నువ్వు తప్ప మీరు అనలేదు. ఆయన బ్యాంకులో కౌంటర్ ముందు నిలబడినట్టు నిలబడిపోయాడు. తర్వాత చొక్కా సరిచేసుకున్నాడు.

"సరేనండీ."

కూతురితో. హాస్యానికి అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. పిల్లలు ఎవరూ నవ్వలేదు మాత్రం. ఆయన వెనక్కి తిరిగి పెళ్లాన్ని, పక్కింటివాళ్లని తీసుకుని బస్టాండుకి వెళ్లిపోయాడు.

మొన్న ఆ వీడియో చూశాక ఆ పిల్ల కోసం ఫోన్లో వెతికాను. దొరికింది. కర్నూల్లోనే ఏదో చిన్న యూట్యూబ్ ఛానల్లో వార్తలు చదువుతోంది. గొంతు అదే, గేటు దాకా వినిపించే గొంతు. మాట చివర సాగదీయడం లేదు. కింద ఒకరు, అక్కా మీది విజయవాడనా, ఎంత మంచి తెలుగో అని రాశారు. దానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. కాదు అనలేదు. నేను ఏదో టైపు చేసి, తుడిపేసి, పిల్లి కథ రికార్డింగు పంపుదామనుకుని, అదీ పంపలేదు. ఆ పిల్లని నేను తప్పు పట్టను. తను చెయ్యాల్సింది చేసింది. నేను రాస్తున్న ఈ తెలుగు మాత్రం ఏంటి, అదే స్కూలు నేర్పిందే. ఇంకో రకంగా రాయొచ్చని నాకెవరూ చెప్పలేదు. అదీ మంటే నాకు.

గ్రూపులో వాళ్లకి ఆ ఛానల్ లింకు పెట్టాను. వెంటనే జవాబులు వచ్చాయి. చూశావా, ఎంత బాగుపడిందో, మనం ఆ రోజు ఏడిపించడం వల్లే కదా అని పొడుగోడు రాశాడు. మిగతావాళ్లు గుండె బొమ్మలు కొట్టారు. అంటే మేలు చేశారన్నమాట. వాళ్ల అవ్వలా పిల్లిని తిట్టిన ఆ గొంతు ఇప్పుడు నా ఫోన్లో తప్ప ఎక్కడ వినిపిస్తుందో నాకు తెలీదు. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల నాన్న ఏమని పలుకుతాడో కూడా తెలీదు. పొడుగోడు అన్నది నిజమే, మేలే జరిగింది అని మీకూ అనిపిస్తోందా? అయితే ఆ మాట మీరు మీ అమ్మతో మాట్లాడే మాటల్లోనే, నలుగురి ముందు, గట్టిగా నాకు చెప్పగలరా?